గులాబీకి టికెట్టు, పిల్లకి నమస్కారం

చిక్కబళ్ళాపురం గులాబీ దేవనహళ్ళిలో విమానమెక్కి దేశాలు చుట్టేస్తోంది. దాన్ని ఇంగ్లీషు యాస ఏమిటని ఎవరూ అడగరు. 2008లో విమానాశ్రయం తెరిచాక మన పిల్లలూ ఎగురుతారనుకున్నాం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, టీవీలో హిందీ నేర్చిన చింతామణి పిల్ల ఎయిర్ హోస్టెస్ ఇంటర్వ్యూకి వెళ్తే ముందు గోడకి నిలబెట్టి కొలుస్తారు. మునివేళ్లపై లేచి 212 సెంటీమీటర్ల ఎత్తు అందుకోవాలని కొన్ని కంపెనీల షరతు. పైనున్న రక్షణ సామగ్రి చేతికందాలి కదా, సబబే! అదీ అందుకున్నాక "మళ్లీ చెబుతాం" అంటారు. ఆ 'మళ్లీ' మళ్లీ రాదు. మొటిమ నచ్చలేదో, చింతామణి యాస నచ్చలేదో దేవుడికెరుక.

తొలి గర్భానికే ఉద్యోగం ఊడగొట్టే ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. అప్పట్లో తీసేయడానికి కాగితం మీద కారణమైనా ఉండేది. ఇప్పుడు తీసుకోకపోవడానికి అదీ లేదు. అయ్యా దొరలూ, వద్దంటే వద్దనండి. ఎందుకు వద్దో ఒక్క ముక్క రాసివ్వండి. దానికి విమానమంత ఖర్చేం కాదు!