అరకు ఖర్చుల చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ గ్రంథం ఏడు పంక్తులది. కర్త హైదరాబాదు కూకట్‌పల్లిలో కాపురముంటున్న ఒక గృహస్థు. భార్య, కాలేజీకి వెళ్లే కూతురు, ఏడేళ్ల కొడుకు గలవాడు. రచనాకాలం డిసెంబరు మొదటివారంలో ఒక ఆదివారం, రాత్రి భోజనాలయ్యాక. తాటాకులు దొరకనందున ఎవరిదో గృహప్రవేశం శుభలేఖ వెనకవైపు నీలం బాల్‌పెన్నుతో రాశారు. ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద ఈ ప్రతి లభించింది.

మూలం:

అరకు – నలుగురం – 3 రోజులు
రానుపోను … 4,000
గది … 5,000
తిండి … 4,000
చూసేవి … 2,000
ఇతరములు … 1,000
వెరసి … 16,000

కొలిచెలమ మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలం దాటి ఒక్క ముక్క రాయనని మాటిచ్చాడు. ఆయనకు చెల్లింది. మా మూలకర్త రాయకుండా వదిలిన చోటే ఖర్చంతా ఉంది. మేం మూలం దాటకపోతే ఈ కుటుంబం అమీర్‌పేట కూడా దాటదు.

పాఠాంతరం ఒకటుంది. ఇల్లాలు తన అక్కగారికి పంపిన వాట్సాప్ ప్రతిలో 'గది … 8,000' అనీ, 'వెరసి … పాతిక అవుద్దే' అనీ కనిపిస్తోంది. రెండోది ప్రక్షిప్తమని కర్త వాదన. మాకు మాత్రం అదే ప్రాచీనపాఠం అనిపిస్తోంది. కారణం చివర చెబుతాం.

రానుపోను … 4,000

టీక: రాను = తిరిగి వచ్చుటకును, పోను = పోవుటకును, 4,000 = నాలుగువేల రూపాయలు, మాత్రమే. ('మాత్రమే' మూలంలో లేదు. కర్త గొంతులో ఉంది.)

తాత్పర్యం: నలుగురు మనుషులు రైలెక్కి విశాఖ వెళ్లి, అక్కణ్ణుంచి అరకు వెళ్లి, మళ్లీ ఇల్లు చేరడానికి నాలుగువేలు చాలునని కవిహృదయం.

విశేషం: ఇది స్లీపరు ధర. అదీ ముందుగా చేయించుకున్న స్లీపరు ధర. రైల్వేవారు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కర్త తనంతట తాను దాన్ని ఇరవైకి తగ్గించుకున్నారు. తత్ఫలితంగా వెయిటింగ్ లిస్టు, వెయిటింగ్ లిస్టు ఫలితంగా తత్కాల్. ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుచుకుంటుంది కనుక, పదింటికి ఒకసారీ పదకొండింటికి ఒకసారీ ఆఫీసులో పని ఆగుతుంది. అదనపు రుసుము సరే. ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదన్నది ముఖ్యం. అంటే ఆ క్షణం నుంచి ప్రయాణం మానుకునే హక్కు కూడా పోయింది.

'నలుగురం' అన్నచోట సంఖ్యావివాదం. కర్త లెక్కలో మూడున్నర టికెట్లే ఉన్నాయి. ఆయన చిన్నతనంలో అర టికెట్టుకు నిండు బెర్తు వచ్చేది. 2016 ఏప్రిల్ నుంచి ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు కావాలంటే నిండు చార్జీ కట్టాలి. అర టికెట్టు కొంటే బెర్తు ఉండదు, పెద్దవాళ్ల పక్కన సర్దుకోవాలి. అర టికెట్టే చాలనే పూర్వపక్షం కాసేపు నిలబడింది. పిల్లవాడు నిద్రలో అడ్డంగా తిరిగి తండ్రి డొక్కలో కాళ్లు పెడతాడన్న ఇల్లాలి ఒక్క సాక్ష్యంతో అది వీగిపోయింది.

ఇంకో సంగతి. మూలం ప్రకారం ఈ కుటుంబం నేరుగా ప్లాట్‌ఫాం మీద పుట్టింది. ఇంటి దగ్గర్నుంచి నాంపల్లి స్టేషనుకు ఎలా చేరారో ఎక్కడా లేదు. సాయంత్రం రద్దీలో, మూడు పెట్టెలతో, క్యాబు అడిగిన ధర ఇంచుమించు ఒక స్లీపరు టికెట్టంత. ఏడువందల కిలోమీటర్లకు మనిషికి పడినంతా ఊళ్లోనే పడింది. తిరిగొచ్చేటప్పుడూ ఇదే. ఈ రెండు క్యాబులూ ఏ పంక్తికి చెందుతాయో ఇప్పుడే చెప్పం.

అరకు రైలు గురించి కర్తకు తెలిసింది సగమే. విశాఖలో పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కితే వరసగా సొరంగాలు దాటుకుంటూ మధ్యాహ్నం లోపు అరకు చేరుస్తుంది. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీటు కావాలంటే ధర వేరు. వెళ్లడం వరకూ బాగానే ఉంది. బొర్రా గుహలు, గాలికొండ, కాఫీ తోటలు అన్నీ దారిలోనే ఉన్నందున తిరుగుదారిలో జనం కారు మాట్లాడుకుని ఘాట్‌రోడ్డున దిగుతారు. కర్త కూడా దిగారు. అలా 'పోను' రైలయింది, 'రాను' కారయింది. చీటీ రైలు దగ్గరే ఆగిపోయింది.

గది … 5,000

టీక: రాత్రికి 2,500 చొప్పున రెండు రాత్రులు.

తాత్పర్యం స్పష్టం.

విశేషం: కర్త ఫోన్‌లో ఈ ధర చూసిన మాట నిజమే. చూసింది మంగళవారం నాటి ధర. వెళ్లింది డిసెంబరు ఆఖరివారం. మంచు చూడాలనుకున్న తెలుగువారందరూ ఆ వారమే కొండెక్కుతారు. గది యజమాని ఆ ఒక్క నెల కోసం మిగతా పదకొండు నెలలు ఓపిక పట్టి ఉంటాడు.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. కర్త ఈ వార్త శ్రద్ధగా చదివి, తగ్గింది కదా అని పన్నును లెక్కలోంచే తీసేశారు. యాత్రికుడి మీద పన్ను ఇప్పటి సంగతి కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీకి కదిలి, మరుసటి ఏడు సెప్టెంబరులో గానీ ఇల్లు చేరలేదు. ఆ రోజుల్లో ప్రయాగలోనూ గయలోనూ కంపెనీవారు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవారు. ఆయన డేరాలు వెంట తీసుకెళ్లాడు కనుక చెకిన్ టైము బాధ మాత్రం పడలేదు.

ఈ చెకిన్ టైమే అసలు గ్రంథి. సాయంత్రం నాంపల్లిలో ఎక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్ మర్నాడు పొద్దున్నే విశాఖలో దింపుతుంది. గది చేతికొచ్చేది పన్నెండింటికి. ఈ మధ్యకాలాన్ని ఏం చేయాలన్నది శాస్త్రకారులు తేల్చలేదు. ముందుగా ఇమ్మంటే సగం రోజు అద్దె అడుగుతారు. స్టేషన్లో కూర్చుంటే టిఫిన్లు, టీలు, పిల్లవాడి చిప్స్ పొట్లాలు కలిపి అంతే అవుతుంది. అద్దె కట్టినవాడికి స్నానమైనా దక్కుతుంది. కాబట్టి కట్టడమే సిద్ధాంతం. కర్త స్టేషన్లో రెండు గంటలు కూర్చుని, తర్వాత కట్టారు. రెండు ఖర్చులూ పడ్డాయి.

'అదనపు పరుపు' అనే పదార్థం మూలంలో లేదు. బిల్లులో ఉంది.

తిండి … 4,000

టీక: నలుగురికి మూడు రోజులకు. అంటే మనిషికి రోజుకు మూడువందల ముప్పై మూడు చిల్లర.

విశేషం: కర్త ఇక్కడ రెండు ఊతాల మీద నిలబడ్డారు. ఒకటి, మొదటి రాత్రికి ఇంట్లో కట్టిన పులిహోర. దీని గురించి వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయం లేదు. రైలు బయలుదేరిన అరగంటకు, ఇంకా ఎవరికీ ఆకలి వేయకముందే, అది అయిపోయింది. రెండోది, గదితో పాటు టిఫిన్ ఉచితం. 'అక్కడే గట్టిగా తినేస్తే మధ్యాహ్నం దాకా చూసుకోనక్కర్లేదు' అన్నది కర్త మతం. విశాఖ హోటల్లో టిఫిన్లు ఏడున్నరకు పెడతారు. కిరండూల్ బండి అంతకుముందే వెళ్లిపోతుంది. ఆ ఉచితం అలా వెళ్లింది. మర్నాడు అరకులో దొరికింది. అక్కడ కర్త నాలుగు ఇడ్లీలు, రెండు వడలు, ఉప్మా, మళ్లీ ఒక ఇడ్లీ సేవించారు. పిల్లవాడు బ్రెడ్డుకు జామ్ రాయించుకుని జామ్ నాకి బ్రెడ్డు వదిలేశాడు. పదకొండింటికి గాలికొండ దగ్గర, కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసన తగలగానే, ఆకలి అన్నాడు. ఒక్కడు ఆకలి అంటే నాలుగు పొత్తులు కొనాలి. ఇది లోకమర్యాద.

బొంగులో చికెన్ గురించి చీటీలో ధ్వనిమాత్రంగా కూడా లేదు. వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె పడదు. 'అరకు వెళ్లి అది తినకుండా వచ్చారా' అని ఆఫీసులో అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి పెట్టిన ఖర్చును తిండి కింద రాయాలా, పరువు కింద రాయాలా అన్నది విచార్యం.

నీళ్లు: రైల్ నీర్ లీటరు సీసా 15 నుంచి 14 రూపాయలకు తగ్గింది. ఫోన్‌తో కడితే ఆ రూపాయి మిగులుతుంది. పదిహేను చేతిలో పెట్టినవాడు చిల్లర గురించి మర్చిపోవడం మంచిది.

చూసేవి … 2,000

ఈ ఒక్క పంక్తి విషయంలో కర్త లెక్క తప్పలేదు. చూడదగినవాటికి టికెట్టు తక్కువ, వాటి దగ్గరికి చేరడానికే ఎక్కువ. సముద్రానికి రుసుము లేదు. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం అన్నీ కలిపినా రెండువేలు దాటలేదు. కటికి జలపాతానికి మాత్రం తాము వచ్చిన కారు వెళ్లదు, జీపు మాట్లాడుకోవాలి. జీపు ఖర్చు జలపాతం కిందికి రాదని కర్త పట్టుబట్టారు. సరే.

ఇతరములు … 1,000

టీక: ఇతరములు = పైన చెప్పనివి.

తాత్పర్యం: పైన ఏమీ చెప్పలేదు కనుక, అన్నీ.

విశేషం: గ్రంథమంతటికీ ఇది జీవగర్ర. పైన వదిలేసిన క్యాబులు, జీపు, పరుపు, పొత్తులు అన్నీ ఇక్కడికే చేరతాయి. అవి కాక దీనికి మూడు కాండలున్నాయి.

మొదటిది ప్రయాణానికి ముందే ముగుస్తుంది. అరకులో చలి. నిరుటి స్వెటరు పిల్లవాడికి మోచేతుల దాకానే వచ్చింది. అమ్మాయికి సరిపోయింది గానీ ఫోటోల్లో నిరుడే వచ్చేసింది. ట్రాలీ పెట్టె చక్రం ఊడింది. ఘాట్‌రోడ్డుకు వాంతుల మాత్రలు. రైలు కదలకముందే వెయ్యి దాటింది. ఇంకా ఊరు దాటలేదు.

రెండోది దారి ఖర్చులు. బీచ్‌లో గుర్రం, మురీ మిక్చరు, కొబ్బరిబోండాలు, తిరుగు రైలు వేళ దాకా సామాను దాచినందుకు క్లోక్‌రూము. ఒక్కొక్కటి చిన్నదే. 'పోనీలే, మళ్లీ మళ్లీ వస్తామా' అన్న వాక్యం పలికినప్పుడల్లా ఒక చిన్నది పుట్టింది.

మూడోది మొహమాటకాండ. ఆర్థికశాస్త్రంలో దీనికి అధ్యాయం లేకపోవడం లోపమే. గాజువాకలో ఇల్లాలి పిన్నిగారున్నారు. విశాఖ దాకా వచ్చి చూడకుండా పోతే బాగుండదు. ఒక పూట భోజనం కలిసొస్తుందని కర్త లోలోపల సంతోషించారు. అయితే ఉత్తచేతులతో వెళ్లకూడదు కనుక స్వీట్లు, పళ్లు, రానుపోను ఆటో. వచ్చేటప్పుడు పిన్నిగారు పిల్లలిద్దరి చేతుల్లో చెరో ఐదువందలు పెట్టారు. 'ఎందుకండీ పిన్నిగారూ, వద్దండీ' అంటూనే కర్త జేబు తడుముకుని ఆవిడ మనవలిద్దరి చేతుల్లో చెరో ఐదువందలు పెట్టారు. లెక్క సున్నా అవ్వాలి. అవలేదు. పిల్లల డబ్బు పిల్లలది, అది కేలండర్ పేజీలో మడిచి అమ్మాయి బ్యాగులోకి వెళ్లింది. కర్త వెయ్యి మాత్రం కర్తదే.

ఇక తెచ్చిపెట్టేవి. అరకు కాఫీపొడి, మిరియాలు. తమ కోసం ఒక పొట్లం, మొక్కలకు నీళ్లు పోసిన ఎదురింటివారికి ఒకటి, పాలపాకెట్లు తీసుకున్న పక్కింటివారికి ఒకటి, ఎదురింటికీ పక్కింటికీ ఇచ్చి కిందింటికి ఇవ్వకపోతే ఏమనుకుంటారోనని ఒకటి.

వెరసి … 16,000

అలంకారం: ఉత్ప్రేక్ష. ఉన్నట్టు ఊహించడం.

ఇప్పుడు పాఠాంతరం సంగతి. ప్రతిని వెలుతురులో పెట్టి పరిశీలించాం. పెన్ను సాగనప్పుడు కాగితం మీద తిప్పే సున్నలు శుభలేఖ పైభాగాన లేవు, 'వెరసి' పక్కన ఉన్నాయి. అంటే ముందు రాసింది వెరసి. ఇంటి రుణం వాయిదా, స్కూలు ఫీజు పోగా చేతిలో మిగిలింది పదహారు. ఆ పదహారును పైకి పంచుకుంటూ పోయి, మిగిలిన వెయ్యికి ఇతరములని పేరు పెట్టారు. కాబట్టి ఇది ఖర్చు ఎంతవుతుందో చెప్పే గ్రంథం కాదు. 'వెళ్దామా' అన్న ప్రశ్నకు ఇంట్లో అందరిచేతా, ముఖ్యంగా తనచేత తాను, 'సరే' అనిపించుకోవడానికి రాసుకున్న అర్జీ. ఇల్లాలి పాతిక అనుభవం మీద పుట్టిన అంకె, అందుకే అది ప్రాచీనపాఠం. అసలు ఖర్చు దాన్నీ దాటింది. మిగతాది క్రెడిట్ కార్డు బిల్లు అనే అనుబంధ గ్రంథంలో చూడవచ్చు. దానికి టీక అక్కర్లేదు, ఒక్కో మాటకూ తేదీ వేసి ఉంటుంది.

ఈ చీటీలో దోషాలెన్ని ఉన్నా, పదహారని రాయకపోతే ఈ కుటుంబం అరకు చూసేది కాదన్నది మా అభిప్రాయం. పిల్లవాడు సొరంగాలు లెక్కపెడుతూ ముప్పై దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

పాఠకులకు మనవి. మీ ఇళ్లలో ఇలాంటి ప్రతులుంటే ప్రయాణం అయిపోయిందని పారేయకండి. ఫోన్‌లో ఆ వారం చెల్లింపులు తీసి, 'ఇతరములు' ఎదురుగా అసలు అంకె ఎర్ర పెన్నుతో వేసి, మళ్లీ ఫ్రిజ్‌కే అంటించండి. వేసవికి ఊటీ చీటీ రాసేటప్పుడు పనికొస్తుంది.