కమ్మర్‌పల్లికి వచ్చే కొత్త సైంటిస్టు గారికి

కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. మోర్తాడ్, వేల్పూర్, ఆర్మూర్ దాకా పసుపు చేలే. కాబట్టి మీ మాట కోసం రైతులు కాచుకుని ఉంటారు. ఆ ప్రమాదం తప్పించుకునే దారులు చెబుతాను.

శిక్షణ సదస్సు ఫిబ్రవరిలో పెట్టండి. ఊరంతా పసుపు తవ్వుతూ, ఉడకబెడుతూ, కళ్లాల్లో ఆరబోస్తూ ఉంటుంది. హాలు ప్రశాంతంగా ఉంటుంది. విత్తనశుద్ధి సంగతి చెప్పాల్సింది మే నెలలో అనుకోండి, కానీ మార్చి 31 లోపు నిధులు ఖర్చు కావాలి కదా.

వానాకాలంలో ఒకాయన కుళ్లిన దుంపను సంచిలో వేసుకొస్తాడు. వేలితో నొక్కితే మెత్తగా దిగబడి నీరు కారుతుంది, కంపు కొడుతుంది. "సారూ, ఏం పొయ్యాలె? పంపుకు ఎంత?" అంటాడు. మీరు పిథియం అనండి. అది బూజులా కనిపించినా అసలు శిలీంధ్రం కాదని, ఊమైసీట్ అని అరగంట వివరించండి. చేలో నిలిచిన నీళ్లు తియ్యి, మొదట్లో మందు పొయ్యి అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మరి మీ పీహెచ్‌డీ ఏం కావాలి?

మోతాదు మాత్రం హెక్టారుకే చెప్పండి. 2.47తో భాగించుకుంటే ఎకరం లెక్క ఆయనకే వస్తుంది. మళ్లీ పంపు సంగతి ఎత్తితే క్రియాశీల పదార్థం శాతంలోకి దిగండి. లీటరుకు మూడు గ్రాములైతే పదహారు లీటర్ల పంపుకు నలభై ఎనిమిది అన్న లెక్క మీ నోట రాకూడదు.

కోజికోడ్ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రగతి రకం 180 రోజుల్లో చేతికొస్తుంది. తొమ్మిది నెలల పంటకు అలవాటుపడ్డ రైతు చెవులు నిక్కించేది ఈ ఒక్క మాటకే. అందుకే దీన్ని చివరి స్లైడులో, కరెంటు పోయే వేళకు దాచండి. ముందు కుర్కుమిన్ శాతం చెప్పండి. "నిజామాబాద్ యార్డుల అది చూసి రేటు పెడతరా సారూ?" అని ఎవరైనా అడిగితే, అది మార్కెటింగ్ శాఖ విషయమని చెప్పి నీళ్లు తాగండి.

ఇక మందుల షాపాయన. ఆయనకు ఊమైసీట్ తెలియదు. రైతు సంచి విప్పకముందే మూడు డబ్బాలు బల్ల మీద పెడతాడు. ఒక డబ్బా మూత తిప్పి చూపించి, "పంపుకు రెండు మూతలు అన్నా, పొద్దుమీకి కొట్టు" అంటాడు. అరువు కూడా ఇస్తాడు. ఆ డబ్బాల్లో ఒక్కటైనా దుంపకుళ్లుకు పనిచేసేదేనా అని మీరు వెళ్లి చూడకండి. మూతలతో కొలవడం శాస్త్రీయం కాదు.