బాగా వాడిన రైఫిలే కొనండి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ తుపాకీ వెతికేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: తక్కువ వాడినది చూసుకోమని. నేను అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎక్కువ వాడినదే కొనండి. "కొన్నప్పటినుంచీ బీరువాలోనే ఉందండీ, కొత్తదే అనుకోండి" అని అమ్మేవారు అంటే దండం పెట్టి వచ్చేయండి.

ఈ రైఫిల్‌లో మందు పేలదు, బ్యారెల్ కాలదు. 4.5 మిల్లీమీటర్ల మెత్తటి సీసపు పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పోతుంది. దానివల్ల ఉక్కు బ్యారెల్ అరగడం చాలా అరుదు. పాడయ్యేవి రబ్బరు సీళ్లు. వాడకుండా మూలన పెడితే అవి గట్టిపడి గాలి వదిలేస్తాయి. రోజూ రేంజికి వెళ్లిన తుపాకీకి ఎవరో ఒకరు సర్వీసు చేయిస్తూనే ఉంటారు. చీక్‌పీస్ మీద చెమట మరకలు, గ్రిప్ దగ్గర నునుపు కనిపిస్తే సంతోషించండి.

గీతలు లెక్కపెట్టడం మాని గాలి సిలిండర్ మీద తేదీ చదవండి. ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్ వంటి జర్మన్ కంపెనీలు సిలిండర్‌కు పదేళ్ల ఆయుష్షే ఇస్తాయి, వాడినా వాడకపోయినా. లోపల 200 బార్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి గడువు దాటినదాన్ని ఎవరు చెప్పినా నింపకండి. పోటీల్లోనూ గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే. కొత్త సిలిండర్ ఖరీదు ధరలో తగ్గించమనండి, ఇక్కడ మొహమాటం వద్దు. గడువున్నదైతే నింపించి రాత్రంతా ఉంచండి, పొద్దునకల్లా గేజి ముల్లు దిగకూడదు.

మీ పిల్ల చేత ముందే కాల్పించకండి. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఆనించమనండి. కళ్లు తెరిచేసరికి సైటు కంటికి ఎదురుగా రావాలి. చీక్‌పీస్, బట్‌ప్లేట్ ఎంత జరిపినా రాకపోతే ఆ తుపాకీ ఆమెది కాదు. కోచ్ కాల్చి పది కొట్టినా లెక్కలోకి తీసుకోకండి, అది కోచ్ చేతి గొప్ప. ఆ పదో పాయింటు చుక్క అర మిల్లీమీటరే. రైఫిల్‌ని వైస్‌లో బిగించి 4.49, 4.50, 4.51 సైజు పెల్లెట్లు మార్చి మార్చి కాల్పించండి. కనీసం ఒక సైజుకైనా గుళ్లన్నీ ఒకే రంధ్రంలో పడాలి.

20 జూల్స్ మించని .177 ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అయినా సీరియల్ నంబరు రాసిన రసీదు చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి.