అడగందే నోరు విప్పని ఆట

ఫిర్యాదులు రాయడంలో నాకు చెయ్యి తిరిగింది. మోరీ పొంగినా, వీధి దీపం పట్టపగలు వెలిగినా, అంబర్‌పేట్‌లో మా గల్లీ తరఫున కాయితం పెట్టేది నేనే. ఇదీ పద్ధతి ప్రకారమే దాఖలు చేస్తున్నాను. ప్రతివాది: మా ఇంటి లినక్స్ కంప్యూటర్. నేరం: బాధ ఉండీ చెప్పుకోకపోవడం.

మా వాడు కార్ల పందెం ఆట తెరిస్తే కార్లు ఉరుకుతున్నాయి, గుద్దుకుంటున్నాయి, పల్టీలు కొడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఆరో నంబర్ చౌరస్తా హారన్లు, బోనాల డప్పులు, పక్కింటి మిక్సీ... చప్పుడుకు కరువెరగని పేట మాది. ఇక్కడ మూగ ఆటా! తెర మీద ఒక్క ఎర్రక్షరం లేదు, క్షమించమన్న ముక్క లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త స్పీకర్లు కొందామని చెప్పులేసుకుంటుంటే మేనల్లుడు ఫోన్లో ఆపాడు. బీటెక్ చేసి, అశోక్‌నగర్ రూములో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆ పూట చిక్కడపల్లి లైబ్రరీలో ఉన్నాడట, అందుకని గుసగుసే.

"ఆగు మామా. ఏమైందో ముందు దాన్నే అడుగు, అదే చెప్తది. టెర్మినల్ తెరిచి అన్నీ క్యాపిటల్స్ కొట్టు. ఏఎల్‌సాఫ్ట్, అండర్‌స్కోర్, లాగ్‌లెవెల్, ఈక్వల్‌టు, మూడు. ఈక్వల్‌టుకు అటూ ఇటూ స్పేస్ ఇయ్యకు. అదే లైన్ల ఆట పేరు."

స్పేస్ ఇస్తే అలాంటి కమాండే లేదని, కమాండ్లు అందుకునే షెల్ కసురుతుంది. అది నయం. పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఎవరూ ఏమీ అనరు. ఆట మామూలుగా తెరుచుకుంటుంది, జరిగినదాని చిట్టా, అంటే లాగ్, రాదు, మనం ఏదో అడిగామన్న సంగతే దానికి అందదు. కాయితం పోయిందని చెప్పే గుమాస్తా కూడా లేని ఆఫీసు నేను ఇంతవరకు చూడలేదు.

ఆట నేరుగా స్పీకర్‌తో మాట్లాడదు, మధ్యలో చప్పుడు సంగతి చూసే ఓపెన్‌ఏఎల్ ఉంది. దాన్ని 2000 ప్రాంతంలో లోకి సాఫ్ట్‌వేర్ అనే లినక్స్ ఆటల కంపెనీ మొదలుపెట్టింది. ఆ కంపెనీ 2002లో మూతపడింది. తర్వాత వేరేవాళ్లు రాసిన ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్‌నే ఇప్పుడు చాలా ఆటలు వాడుతున్నాయి. దాని లాగ్‌లెవెల్ 0 అయితే పూర్తి మౌనం, 1 అయితే తప్పులు, 2 అయితే హెచ్చరికలు కూడా, 3 అయితే పుట్టుపూర్వోత్తరాలతో సహా.

మేనల్లుడు కొట్టమన్న ఈ పేరును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు, 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన ఆచారం. తండ్రి ప్రోగ్రాం పిల్ల ప్రోగ్రాంను మొదలుపెట్టేటప్పుడు తన దగ్గరున్న పేర్లూ విలువలూ నకలు తీసి చేతిలో పెడుతుంది. పంపకం ఒక్కసారే. తర్వాత తండ్రి ఎంత కూడబెట్టినా వేరుపడ్డ కొడుక్కి పైసా రాదు. అందుకే టెర్మినల్‌లో మొదట ఆట పేరు లేకుండా నేను కొట్టిన మూడు, మా వాడు బొమ్మ నొక్కి తెరిచిన ఆటకు చెందలేదు. దాని తండ్రి టెర్మినల్ కాదు, డెస్క్‌టాప్. ఆటను కూడా టెర్మినల్‌లోనే పుట్టించాల్సి వచ్చింది.

ఇక మొదలైంది. ఏ కాన్ఫిగ్ ఫైలు వెతికిందో, చప్పుడును స్పీకర్ దాకా చేర్చే ఏయే బ్యాకెండ్లు తనకు తెలుసో, పైప్‌వైర్, పల్స్, ఆల్సా అంటూ వరసపెట్టింది. లాగ్‌ఫైల్ అనే మరో వేరియబుల్‌కు దారి చూపిస్తే ఇదంతా ఫైల్లో పడుతుందని మేనల్లుడు చెప్పాడు, పట్టాం. ప్రతి లైను ముందు రెండక్షరాల ముద్ర: ఐఐ అంటే సమాచారం, డబ్ల్యూడబ్ల్యూ అంటే హెచ్చరిక, ఈఈ అంటే తప్పు. అద్దాలు పెట్టుకుని ఈఈ కోసం వెతికాను. ఒక్కటీ లేదు! "డివైస్ తయారైంది" అని సగర్వంగా రాసి, పక్కన దాని పేరు: డిజిటల్ స్టీరియో, హెచ్‌డీఎంఐ.

అంటే చప్పుడంతా మానిటర్‌కు పోతోంది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మార్చగానే ఇంజన్లు ఒక్కసారి గర్జించాయి.

కనుక అభియోగాన్ని పెంచుతున్నాను. బాధ దాచుకుందనుకున్నాం, దానికసలు బాధే లేదు. చెవుల్లేనివాడికి కచేరీ చేసి, పని పూర్తయిందని దస్తఖతు పెట్టింది.

ఇంకో మనవి. ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్‌కు 3 చాలు. పల్స్ఆడియోకు వేరియబుల్ పేరు వేరే, అక్కడ 4 కావాలి. పైప్‌వైర్ 5 దాకా పోతుంది, విండోస్ ఆటలు నడిపే వైన్‌కయితే అంకెలు కాదు, ప్లస్ గుర్తు. ఒకే చప్పుడుకు ఇన్ని కౌంటర్లా? పైగా లాగంతా ఇంగ్లీషే. మెనూలను తెలుగు చేసిన స్వేచ్ఛ సంస్థ మిత్రులు దీని సంగతీ చూడాలని ప్రార్థన.

జతపరచినవి: లాగ్ ఫైలు, ఒకటి. మొత్తం చదవక్కర్లేదు, హెచ్‌డీఎంఐ అన్న మాట దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను.