సెల్ఫు కొట్టని అంబాసిడరు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు దగ్గర, రాజీవ్ రహదారి అంచున, చాయ్ కోసం ఆపిన మా అంబాసిడరు చాయ్ అయ్యాక లేవనంది. మా మెకానిక్ ఉస్తాద్ మేడ్చల్ నుంచి స్కూటరు మీద రావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి స్కూటర్లను రానివ్వరు గనుక సర్వీసు రోడ్డు పట్టుకుని రావాలి. బయల్దేరే ముందు ఫోన్లో ఒక మాట సెలవిచ్చాడు: “సార్, ఊకె తాళం తిప్పకు. లైట్లేశి సూడు. లైను గదే దొరుకుతది.” ఆయన వచ్చేలోగా చేసే పనేమీ లేక ఆ మాటను ఆటవెలదిలో పెట్టాను. ఛందస్సు నాది, జ్ఞానం ఆయనది.

తాళ మెంత తిప్ప దానికే మాయెనో
టిక్కు మనును గాని యొక్క గుర్రు
లేదు; సెల్ఫు కొట్ట లేవదు బండన్న;
లైటు చూడు ముందు, లైను దెలియు.

వ్యాఖ్యాతల చక్రవర్తి మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం, మేడ్చల్‌కు ఏమంత దూరం కాదు. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికిస్తానని తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. భారవి కావ్యానికి రాసినదాని పేరు ‘ఘంటాపథం’, అంటే రాజమార్గం. మూర్ఛా, రాజమార్గమూ రెండూ నా ఎదుటే ఉన్నాయి గనుక వ్యాఖ్య రాసే అర్హత నాకూ కొంత ఉన్నట్టే.

ప్రతిపదార్థము

తాళము = తాళం చెవి. శ్లేష చేత, పాటలో వేసే తాళం కూడా. టిక్కుమనడం తాళం, గుర్రుమనడం రాగం. ఇక్కడ తాళం పడుతోంది గాని రాగం ఎత్తుకోవడం లేదని ధ్వని.

ఎంత తిప్ప = ఎంత గట్టిగా తిప్పినా. ‘ఇంకాస్త గట్టిగా తిప్పి చూడండి’ అనేది పూర్వపక్షం. చాయ్ కొట్టు దగ్గర గుమికూడిన ప్రతివాడూ ఈ పక్షం వాడే. దానివల్ల తాళం చెవి వంగుతుంది తప్ప ఫలం లేదు.

టిక్కు = సోలనాయిడ్, అంటే సెల్ఫుకు కరెంటు కలిపే స్విచ్చి, చేసే చప్పుడు. ఏకవచనం సాభిప్రాయం. ఇదే టిక్కుటిక్కుటిక్కుమని ఆమ్రేడితమైతే అర్థం వేరు: బ్యాటరీలో సత్తువ లేదు. సోలనాయిడ్ పట్టుకోగానే వోల్టేజి కుంగుతుంది, కుంగగానే అది వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అసలు చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్చినీ, దాని నుంచి సోలనాయిడ్‌కు పోయే సన్నతీగనూ అనుమానించాలి. మన పద్యంలో ఒక్కటే టిక్కు. కాబట్టి కబురు అందింది, పని జరగలేదు.

సెల్ఫు = ఇంజనును తిప్పి లేపే మోటారు. ‘సెల్ఫ్ అంటే ఆత్మ కాబట్టి ఇది వేదాంత పద్యం, దేహమనే బండి ఆత్మ లేనిదే కదలదు’ అని మా పక్కింటి రిటైర్డ్ మాస్టారి వ్యాఖ్య. అది పొసగదు. ఆత్మకు కార్బన్ బ్రష్‌లుండవు, స్పానరుతో రెండు తట్టగానే మేల్కోదు. సెల్ఫు మేల్కొంటుంది: అరిగి ఇరుక్కున్న బ్రష్ ఆ అదురుకు జారి ఆర్మేచరు మీద కూర్చుంటుంది. ఒకటి రెండుసార్లు సాగే చిట్కా ఇది. 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫు అమర్చకముందు ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పడమే గతి. తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. హ్యాండిలును చుట్టి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది.

బండి = 1489 సీసీ ఇంజను గల అంబాసిడరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీని తల్లి, బెంగాల్లోని ఉత్తర్‌పాడా పుట్టిల్లు, 2014తో ఆ పురిటిగది మూతపడింది. అంబాసిడర్ అంటే రాయబారి. అయితే ఈ బండిలో అసలు రాయబారి తాళం చెవి. కొన్ని ఆంపియర్ల కబురు మోయడం వరకే దాని వంతు. యుద్ధం చేయాల్సింది బ్యాటరీ, సెల్ఫులు. రాయబారం విఫలమైందని రాయబారి మెడ పిసికితే ఏం లాభం?

అన్న = సంబోధనం. ఉస్తాద్ నన్ను ‘సార్’ అనే పిలుస్తాడు. గణం కోసం అన్ననయ్యాను.

లైటు = హెడ్‌లైటు. లైను = కరెంటు నడిచే దారి. మిగతావి సుగమం.

దండాన్వయము

పద్యం తాళంతో మొదలైంది గనుక పాఠకుడు తాళమే కర్త అనుకుంటాడు. బండి ఓనర్లందరూ చేసే అన్వయదోషం ఇదే. అన్వయం ఇలా చెప్పుకోవాలి: బ్యాటరీ ప్లస్ నుంచి సోలనాయిడ్, అక్కడి నుంచి లావుతీగలో సెల్ఫు, సెల్ఫు ఒంటి నుంచి ఇంజను, ఇంజను నుంచి ఎర్త్ పట్టీ మీదుగా బాడీ, బాడీ నుంచి బ్యాటరీ మైనస్. వాక్యం మొదలైన చోటికే వచ్చి ముగియాలి. ఎర్త్ పట్టీని చాలామంది అవ్యయంలా చదివి వదిలేస్తారు. కాని ఇంజను కూర్చున్నది రబ్బరు దిమ్మెల మీద, రబ్బరులో కరెంటు నడవదు. ఆ పట్టీ తెగితే వాక్యానికి క్రియ లేనట్టే.

లెక్క కూడా చూడాలి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ ఊరకున్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫు లాగే కరెంటు 200 ఆంపియర్లనుకుందాం. దారిలో ఎక్కడో చిలుము పట్టి ఓములో నూరోవంతు అడ్డొచ్చినా 2 వోల్టులు అక్కడే ఆవిరి. వేదానికి ముందు ఓం ఉండాలంటారు గాని, సెల్ఫు దారిలో ఓం ఎంత తగ్గితే అంత మోక్షం.

తాత్పర్యము

లైట్లు వేసి తాళం తిప్పినప్పుడు అవి మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా దాని టెర్మినళ్లకు చిలుము పట్టింది. ఆరోగ్యమైన బ్యాటరీ ఉండీ లైట్లు కుంగితే సెల్ఫు పళ్లు ఇంజను ఫ్లైవీలులో ఇరుక్కున్నాయేమో చూడాలి. రెండో గేరులో పెట్టి, తాళం ఆఫ్ చేసి, బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోవచ్చు. లైట్లు దేదీప్యమానంగా ఉండి ఒక్క టిక్కు వినబడితే బ్యాటరీ నిర్దోషి. అప్పుడు సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండాలి, లేదా బ్రష్‌లు అరిగి ఉండాలి, లేదా ఎర్త్ పోయి ఉండాలి.

మావి దేదీప్యమానంగా ఉన్నాయి.

విశేషాంశములు

ఉస్తాద్ వచ్చి బానెట్ ఎత్తి, బండి న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, పాత లూకాస్ సోలనాయిడ్ మీది రబ్బరు టోపీ కింద బొత్తం నొక్కాడు. తాళంతో సంబంధం లేకుండా సెల్ఫును తిప్పే బొత్తమది. మళ్లీ అదే టిక్కు. తాళం చెవి మీది నింద అంతటితో తొలగింది.

తర్వాత ఆయన చేసిన పని ఏ టీకాలోనూ లేదు. నన్ను తాళం తిప్పమని, వెంటనే చోక్ తీగను వేళ్లతో ముట్టుకున్నాడు. “ఏడిగున్నది సార్” అన్నాడు. ఇంజను నుంచి బాడీకి పోయే దారి మూసుకుపోతే సెల్ఫు కరెంటు దొరికిన సన్నదారుల్లో దూరి పోవాలని చూస్తుందట. చోక్ తీగో, యాక్సిలరేటరు తీగో దొరుకుతుంది, వేడెక్కుతుంది. కింద పడుకుని చూస్తే ఎర్త్ పట్టీ చిలుము పట్టి రెండు పోగుల మీద వేలాడుతోంది. నాలుగేళ్లుగా నేను దానివైపు చూసిన పాపాన పోలేదు.

జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజను బ్లాకుకు తగిలించాడు. తాళం తిప్పాను. గుర్రుమంది. చాయ్ కొట్టు దగ్గరి పూర్వపక్షులు ‘మేం చెప్పలే? గట్టిగా తిప్పాలె’ అన్నారు.

ఇది శామీర్‌పేట తటాక తీరమున, మేడ్చల్ ఉస్తాద్ శిష్యపరమాణువు రచించిన ‘జంపర్ సంజీవని’ యందు సెల్ఫు ఖండము. కార్బురేటరు ఖండము బండి మళ్లీ ఆగినప్పుడు.