పడటం నేర్పే బడి

జలంధర్‌లో గ్రేట్ ఖలీ 2015లో ఒక కుస్తీ బడి పెట్టాడు. మనిషి ఏడడుగుల పైచిలుకు, ఒకప్పుడు పంజాబ్ పోలీసు, 2007లో డబ్ల్యూడబ్ల్యూఈ వరల్డ్ హెవీవెయిట్ బెల్టు గెలిచినవాడు. అక్కడ ఫీజు పుచ్చుకుని పిల్లలకు ముందుగా పడటం నేర్పుతారు. మా మేనల్లుడు అందులో చేరతానని పట్టుబట్టాడు.

మా అమ్మ విని బుగ్గ నొక్కుకుంది. "డబ్బు కట్టి పడటమేమిట్రా? వానాకాలం మన డొంకలో అందరం ఊరికే పడుతున్నాంగా!"

నల్లరేగడిలో జారిపడటం వేరు, రింగులో పడటం వేరు. గడ్డం గుండెకు ఆనించాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. వీపంతా ఒక్కసారే నేలకు తగలాలి. అదే క్షణంలో చేతులు చాచి నేలను చరవాలి. అప్పుడు దెబ్బ ఒకచోట నిలవకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. ఇనుప దూలాలు, పైన చెక్కలు, వాటిమీద పల్చటి ఫోమ్, ఆపైన కాన్వాసు గుడ్డ. రింగంటే ఇంతే. కింద బోలు గనక దెబ్బకన్నా చప్పుడు ఎక్కువ. యార్డులో మిర్చి ధర పడేటప్పుడు ఇది సరిగ్గా తిరగబడుతుంది. చప్పుడే ఉండదు.

ధర రాక మేం పత్తిని ముందు గదిలో పోసి ఉంచాం. మేనల్లుడు అందులో సాధన మొదలెట్టాడు. అమ్మ చీపురు అందుకుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ వాళ్లు కొనరు, వీడి చెమటతో ఎంతకెక్కుతుందోనని ఆవిడ బాధ.

బలానికి మన దగ్గర కొదవలేదు. విజయనగరంలో వ్యాయామశాల పెట్టిన కోడి రామమూర్తి నాయుడు తర్వాత సర్కస్ నడిపి, ఏనుగును గుండెమీద ఎక్కించుకున్నాడు. బరువులెత్తే దండమూడి రాజగోపాలరావు 1963లో 'నర్తనశాల'లో భీముడయ్యాడు. మా బాపట్ల వైపు స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు. అందరూ ఎత్తినవాళ్లే. పడేవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఆటలో ఎత్తేవాడికంటే ఎత్తించుకునేవాడికే పని ఎక్కువ. సమయానికి వాడు ఎగరకపోతే ఎంతటి వస్తాదుకైనా నడుం పట్టేస్తుంది.

"అదంతా ఉత్తుత్తి ఆటే కదా బాబాయ్," అన్నాడు పక్కింటి కుర్రాడు. నిజమే. క్రీడాశాఖ అజమాయిషీ తప్పించుకోవడానికి 1989లో ఆ డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీవాళ్లే న్యూజెర్సీ చట్టసభ ముందు ఇది వినోదమేనని ఒప్పుకున్నారు. అయితే ఏం? కురుక్షేత్రం నాటకానికి తెల్లవార్లూ చాపలమీద కూర్చున్న జనం మనం. దుర్యోధనుడు తొడ విరిగి పడతాడని అందరికీ ముందే తెలుసు. పడ్డవాడు పద్యం బాగా పాడితే వన్స్‌మోర్ కొట్టి మళ్లీ లేపాం కూడా. అది మోసమని ఒక్కరూ డబ్బులు వెనక్కి అడగలేదు.

అసలు చిక్కు మైకు దగ్గర. ఆ బడిలో సవాలు విసరటం కూడా పాఠమే. మావాడికి చుట్టాలొస్తేనే నోరు పెగలదు. "ముందు తెనాలి వెళ్లి రాయబారం పద్యాలు నేర్చుకోరా," అన్నాను. శ్రీకృష్ణుడు నిండుసభలో చేసిందేమిటి, వచ్చే వారం జరగబోయే కుస్తీకి ముందస్తు ప్రచారమే కదా!

"పద్యాలు వద్దు మావయ్యా, వేషం చూస్తే చాలు," అన్నాడు. రింగులో వాడి పేరు తేజ. ఘాటుకు పెట్టింది పేరైన మా మిర్చి రకం. ఎర్ర లాగు, ఎర్ర బనీను, నెత్తిన నిటారుగా ఆకుపచ్చ తలపాగా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

అమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఎగాదిగా చూసింది.

"ఆ తొడిమ తీసెయ్‌రా. యార్డులో తొడిమ తీసిన కాయకే ధర ఎక్కువ."