అంతర్వాహిని వ్యూ, టాక్సులు అదనం

ద్రాక్షారామంలో గోదావరి లేదు. పది పన్నెండు కిలోమీటర్ల అవతల, కోటిపల్లి రేవు పక్కనుంచి, తన దారిన తాను పోతూ ఉంటుంది. ఈ లోటుని స్థలపురాణం ఏనాడో పూడ్చేసింది. సప్తర్షులు పూనుకుని గోదావరిని భీమేశ్వరుడి చెంతకు తెచ్చారట. కాకపోతే ఇక్కడ అది అంతర్వాహిని, పైకి కనపడదు. గుడి దగ్గరున్న సప్తగోదావరి గుండమే అందుకు సాక్ష్యం. కనపడని ఆ గోదావరికి భక్తులు తరతరాలుగా దణ్ణం పెట్టుకుంటున్నారు. ఒక్కరంటే ఒక్కరు డబ్బులు వాపసు ఇమ్మన్న దాఖలా లేదు.

ఆ కిటుకు ఇన్నాళ్లకి హోటళ్ల వాళ్లకి దొరికింది. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా, కాకినాడ నుంచి యానాం దాకా, ఏ బిల్డింగు చూసినా ‘వాటర్ ఫ్రంట్’ బోర్డే. ఏడుగురు రుషులు తపస్సు చేసి సాధించినదాన్ని వీళ్లు ఒక డ్రోన్ కెమెరాతో సాధించారు. మూడొందల అడుగుల ఎత్తునుంచి తీస్తే మా డెల్టాలో గోదావరి పక్కన లేని పాక ఉండదు. అతిథి మాత్రం మూడొందల అడుగుల ఎత్తున పడుకోడు. రెండో అంతస్తులో పడుకుంటాడు.

అందుకని గదుల్లో వర్ణ వ్యవస్థ పెట్టారు. రివర్ వ్యూ, పార్షియల్ రివర్ వ్యూ, కెనాల్ ఫేసింగ్, గార్డెన్ వ్యూ. పార్షియల్ అంటే బాల్కనీ చివరిదాకా వెళ్లి, ఎడం చేత్తో కమ్మీ పట్టుకుని, కుడివైపుకి ఒంగి చూస్తే, పక్కింటి నీళ్ల ట్యాంకుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఓ జానెడు మేర తళుక్కుమనేది. నాలుగేళ్ల బుడ్డోడితో వెళ్లిన సంసారి ఆ గదే తీసుకుంటాడు, ఎందుకంటే అసలు రివర్ వ్యూ రేటు చూశాక గుండె జారిపోతుంది. ఒంగి చూడాల్సిన బాల్కనీని, ఏది చూసినా ఒంగే వయసున్న పిల్లాడికి, డబ్బిచ్చి మరీ కొనిపెడతాడన్నమాట. గార్డెన్ వ్యూ అంటే జనరేటరు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

కెనాల్ ఫేసింగ్ సంగతి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఆంధ్రలో బళ్లకి వేసవి సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో మొదలై జూన్ 11 దాకా ఉంటాయి. పిల్లలున్న కుటుంబాలు కదిలేది అప్పుడే. గోదావరి డెల్టాలో కాలవలు కట్టేసేది కూడా, ఏడాదిని బట్టి నాలుగు రోజులు అటూ ఇటూగా, అప్పుడే. దాళ్వా కోతలు అయిపోగానే ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తారు. పూడిక తీతలు, లాకుల మరమ్మతులు, గట్ల పనులు, అన్నీ ఆ నెలా నెలన్నరలో కావాలి. కట్టేసే ముందు ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపుకోమని పంచాయతీలకి హెచ్చరిక వస్తుంది. ఊళ్లో గేదెకి కూడా తెలిసే కబురిది. ఆన్‌లైన్లో గది బుక్ చేసుకున్న హైదరాబాదు ఇంజనీరుకి తప్ప.

ఆయన మే రెండో వారంలో, ఎండ నెత్తిమీద ఉండగా, పెట్టెలతో దిగుతాడు. ఫొటోలో నిండు కాలవ, దాని మీదికి ఒంగిన కొబ్బరి, ఓ పడవ. ఎదురుగా చూస్తే అడుగున పగుళ్లిచ్చిన బురద, చెప్పులు, సీసాలు, అక్కడక్కడా పచ్చటి మడుగులు. ఆ మడుగుల్లో దోమలు మాత్రం ఫ్యామిలీ ప్యాకేజీ మీద దిగి ఉంటాయి. అడిగితే రిసెప్షన్ కుర్రాడు గోడమీది ఫొటో కేసి చూపిస్తాడు. అసలు కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా ముగించింది వరి పొలాల కోసం. పడవలు తిరగాలని కూడా అనుకున్నాడు. ఇవాళ ఆ కాలవల కింద పది లక్షల ఎకరాల ఆయకట్టుంది. మే నెలలో రీల్సు తీసుకునేవాళ్ల మాట దొర ఆలోచించలేదు, పాపం, ముందుచూపు తక్కువ.

పోనీ నది ఒడ్డుకే పోదామంటే, ఎండాకాలంలో ఆనకట్ట దిగువన గౌతమి ఇసక మేటలు బయటపెట్టుకుని ఓ పక్కకి ఒత్తిగిలి పడుకునుంటుంది. రివర్ వ్యూ గదిలోంచి మీకు కనిపించేది చాలాచోట్ల ఇసక ర్యాంపు, ట్రాక్టర్లు. పిల్లాడికి మాత్రం అదే నచ్చుతుంది. వాడు గోదావరి చూడ్డానికి వచ్చానని ఎవరికీ మాటివ్వలేదు.

నీళ్లు నిండుగా కావాలంటే జులై, ఆగస్టుల్లో రావాలి. అప్పుడు ఎర్రనీరు వస్తుంది, పులస వస్తుంది, పుస్తెలమ్ముకునైనా తినాలనే సామెతని రెస్టారెంటు బిల్లు నిజం చేసి చూపిస్తుంది. నది కూడా వస్తుంది, మీ గదిలోకి. ఏటిగట్టు అని మాకొకటుంది. గట్టుకి ఇవతల ఊరు, అవతల ఏరు. వందేళ్లకి పైగా ఈ పంపకం మీద ఎవరికీ పేచీ లేదు. ఈమధ్య గట్టు దాటి ఏటి వైపుకి జరిగి కాటేజీలు కట్టి ‘నదికి అత్యంత సమీపంలో’ అంటున్నారు. నిజమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు. ఆ అంకెలు తెలిసిన లంకవాడు పశువుల్ని గట్టెక్కించి కూర్చుంటాడు. కాటేజీవాడు ‘మాన్సూన్ ఆఫర్’ అని బ్యానర్ కడతాడు.

సంక్రాంతికా? అప్పుడు కాలవలూ నిండుగా ఉంటాయి, ఎండా ఉండదు. గదులు మాత్రం మీకు దొరకవు. అవి కోళ్ల కోసం వచ్చిన పెద్దమనుషులవి.

ఇన్ని తంటాలున్నా ‘మన ఆంధ్రా కేరళ’ అన్న మాటకి పడిపోని వాడు లేడు. కోనసీమకి తనదంటూ ఒక పేరుండగా ఈ అరువు పేరెందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. సరే, పోలిస్తే పోల్చారు, పూర్తిగా పోల్చండి. కొచ్చి దగ్గర మరడులో నీటి ఒడ్డునే, తీర నియంత్రణ నిబంధనలు కాదని కట్టిన నాలుగు అపార్టుమెంటు సముదాయాల్ని సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో మందుపాతర పెట్టి కూల్చారు. ఆ వాటర్ ఫ్రంట్ వ్యూ దేశమంతా టీవీల్లో ఉచితంగా చూసింది. మా కాటేజీల బ్రోషర్లలో కేరళ పడవలున్నాయి, కేరళ పెంకులున్నాయి, ఈ ఒక్క ఫొటో ఎందుకో వెయ్యడం లేదు.

ఇక ‘కిడ్స్ ఫ్రెండ్లీ’. ఈ బిరుదు రావాలంటే గోడమీద ఓ ఎలుగుబంటి బొమ్మ, పచ్చిక మీద ఓ ఉయ్యాల, రెస్టారెంటులో ఎత్తు కుర్చీ ఒకటి ఉంటే చాలు. దానికి తోడు అసలు వరం: ‘ఐదేళ్ల లోపు పిల్లలకి ఉచితం’. తల్లిదండ్రులు మురిసిపోతారు. ఉచితం అంటే లెక్కలో లేడని. రిజిస్టరులో ఇద్దరు పెద్దలు అని రాసుకుంటారు. మంచాలు ఇద్దరికి, తువ్వాళ్లు ఇద్దరికి, పడవెక్కితే లైఫ్ జాకెట్లూ పెద్దల సైజువి రెండే. లెక్కలో లేని ప్రాణికి జాకెట్ అడిగితే పడవ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు, పెద్దదాన్నే తెచ్చి పిల్లాడికి తొడిగి తాడు రెండు చుట్లు చుడతాడు. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది. పిల్లాడు కిందనుంచి జారిపోతాడు.

ఈత కొలను దగ్గర బోర్డు చదివారా? ‘నైలాన్ దుస్తులు తప్పనిసరి. లైఫ్‌గార్డ్ లేరు. పిల్లల పూర్తి బాధ్యత తల్లిదండ్రులదే.’ మూడు వాక్యాల్లో మొదటిదాన్ని అమలు చెయ్యడానికి మాత్రం ఓ మనిషిని పెట్టారు. కాటన్ చెడ్డీతో దిగితే ఈల ఊదుతాడు. మునిగితే ఊదే ఈల వాడి దగ్గర లేదు, ఆ పని వాడి డ్యూటీలో రాయలేదు.

నవ్వు ఆగిపోయే లెక్క ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు దాదాపు మూడు లక్షలు. అందులో ఇంచుమించు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. అంటే హోటల్ రిజిస్టరులో లేనివాళ్లే. మునిగే పిల్లాడు సినిమాలోలా చేతులు ఊపుతూ కేకలెయ్యడు. నోరు నీళ్ల మీదా కిందా అవుతుంటే ఊపిరికే చాలదు, కేకకెక్కడ మిగులుతుంది? చడీచప్పుడూ లేకుండా, అమ్మానాన్నలకి నాలుగడుగుల దూరంలో, వాళ్లు సూర్యాస్తమయాన్ని ఫ్రేములో సర్దుకునే లోపు జరిగిపోతుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. నలభై మందికి పైగా పోయారు. నది అడుగునున్న ఆ పడవని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగేసరికి నెల దాటింది. ఆ తర్వాత పడవలకి కంట్రోల్ రూములు వచ్చాయి, తనిఖీలు వచ్చాయి. మరి అదే గోదావరి కాలవలోకి తిన్నగా మెట్లు దింపిన హోటల్‌కి? బోర్డు ఉంది కదా.

ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. కాలవ నిండుగా ఉన్న రోజుల్లో ఈ చివరినుంచి ఆ చివరిదాకా గుర్రపుడెక్క. ఎత్తుపల్లాల్లేని పచ్చదనం, మధ్యమధ్య ఊదారంగు పూలు. హోటలువాడు వేయించిన పచ్చిక మెట్ల దగ్గర ఆగుతుంది, రెండు మెట్ల కింద గుర్రపుడెక్క మొదలవుతుంది. మీ ఎత్తునుంచి తేడా తెలుస్తుంది. మూడడుగుల ఎత్తునుంచి రెండూ ఒకటే పచ్చిక, పైగా రెండోదాని మీదే పూలున్నాయి. బంతి దొర్లుకుంటూ వెళ్లి అక్కడ ఆగితే, బంతిని మోసిన ఆకు తననీ మోస్తుందనే ఆ వయసువాడు అనుకుంటాడు.

డెల్టాలో గట్టుమీద ఇల్లున్నవాడు ఎంత లేనివాడైనా, ఇంట్లో పిల్లాడు పాకడం మొదలెట్టాడంటే కాలవ వైపు దడి కట్టేస్తాడు. తాటాకో, కొబ్బరిమట్టో, పాత చేపల వలో, ఏది దొరికితే అది. అందం చూడడు. హోటల్లో దడి మాటెత్తితే ‘వ్యూకి అడ్డం కదండీ’ అంటారు. దాని బదులు తళతళలాడే స్టీలు కమ్మీలు వేస్తారు, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. అడ్డకమ్మీలంటే పిల్లాడికి నిచ్చెన. కాటన్ దొర దేశస్థుల భవన నిబంధనల్లో, ఐదేళ్ల లోపు పిల్లలు మసిలే చోట కమ్మీల సందులోంచి వంద మిల్లీమీటర్ల బంతి దూరకూడదని, పిల్లలు సులువుగా ఎక్కేలా ఉండకూడదని రాసుకున్నారు. వంద మిల్లీమీటర్లంటే మన లెక్కన నాలుగంగుళాలు, చేతి నాలుగు వేళ్లూ దగ్గర పెట్టినదానికన్నా కాస్త ఎక్కువ. గది చూసేటప్పుడు ఆ చెయ్యి కమ్మీల మధ్య పెట్టి చూసిన తండ్రి నాకింకా కనపడలేదు. టీవీ రిమోట్ పనిచేస్తుందో లేదో చూడనివాడూ కనపడలేదు.

రివ్యూలు చదివే ఎంచుకున్నామంటారు. ఆతిథ్యం మీద మొదటి రివ్యూ రాయబోయింది వ్యాసుడు. కాశీలో రోజుల తరబడి భిక్ష దొరక్క ఆ ఊరికే శాపం పెట్టబోతే శివుడు పొలిమేర దాటి పొమ్మన్నాడనీ, ఆయన ద్రాక్షారామం దారి పట్టాడనీ శ్రీనాథుడి భీమేశ్వర పురాణం. ఈనాటి అతిథులకి ఆ కోపం లేదు. ఐదు చుక్కలు పెట్టి ‘వ్యూ సూపర్, పూతరేకులు అదుర్స్, స్టాఫ్ చాలా మంచోళ్లు’ అని రాస్తారు. మెట్లకి గేటుందా, కాలవ ఏ నెలలో కట్టేస్తారు, కాటేజీ గట్టుకి ఇవతలా అవతలా అన్న మూడు ముక్కలు రాసినవాడు కలికానికి కూడా దొరకడు. కొందరు మాత్రం వైఫై స్లో అని ఓ చుక్క తగ్గిస్తారు.

పోయిన మే నెలలో తెలిసినాయన ఒకరు, నా పోరు పడలేక, బుక్ చేసే ముందు ఓ చోటికి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు, నేనూ విన్నాను.

“మీది కెనాల్ ఫేసింగే కదండీ? నీళ్లున్నాయా?”

“ఆయ్, నీళ్లకేం లోటండీ! ఆర్వో ప్లాంటు మనదేనండి, ఇరవై నాలుగ్గంటలూ.”

“అది కాదు బాబూ, కాలవలో.”

“కాలవలోనాండి? కట్టేశారు కదండీ, జూన్‌లో వదుల్తారు. తమరితో చిన్నపిల్లలున్నారాండి?”

“ఉన్నాడు, నాలుగేళ్లవాడు.”

“అయితే ఈ సీజనే మీకు సేఫండి, ఆయ్. వ్యూ చార్జీ మాత్రం మామూలేనండి.”